తులం బుల్లెట్, నూరేళ్ళ తగువు

(పెన్సిల్వేనియాలో తెలుగు మిత్రుల నెలవారీ కూడికలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. మధ్యలో వచ్చిన ప్రశ్నలు కొన్ని అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. మైకు వినిపిస్తోందా? వెనకవాళ్ళు ఒకసారి చెయ్యెత్తండి. ఆ, సరే.

పోయిన నెల ఇదే హాల్లో ఒక పెద్దాయన శతక పద్యాల మీద గంటన్నర మాట్లాడారు. ఈ నెల నేను జింకల వేట తూటాల మీద మాట్లాడబోతున్నా. అమెరికా వేటగాళ్ళు నూరేళ్ళుగా నెత్తిన పెట్టుకున్న .30-06 అనే తూటా జింకకి నిజంగా అంత గొప్పదా, అదీ తగువు. మన కార్యవర్గం అభిరుచి ఎంత విశాలమో మీరే చూసుకోండి. ముందు వరసలో శాకాహారులు చాలామందే కనిపిస్తున్నారు. వాళ్ళకి ముందే మాటిస్తున్నా, రక్తం తక్కువ, లెక్కలు ఎక్కువ.

ఇవిగో, నాలుగు ఇత్తడి డొల్లలు తెచ్చాను. చూసి పక్కవాళ్ళకి ఇవ్వండి. లోపల తుపాకి మందు లేదు, ప్రైమర్ ఎప్పుడో పేలిపోయింది. అడుగున నడిమధ్య చిన్న గుంట కనబడుతుంది చూడండి, ఫైరింగ్ పిన్ను కొట్టిన దెబ్బ అది. భయమేమీ లేదు. పిల్లల్ని నోట్లో మాత్రం పెట్టుకోనివ్వకండి, సీసం మసి ఉంటుంది.

ఒక సంగతి మొదటే తేల్చుకుందాం. తూటా, గుండు, బుల్లెట్ అని మనం అన్నీ ఒకటిగా వాడేస్తాం. ఇత్తడి డొల్ల, అందులో మందు, అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, మూతిలో బిగించిన బుల్లెట్, ఈ నాలుగూ కలిస్తే తూటా. జింకకి తగిలేది బుల్లెట్ ఒక్కటే. మిగతాది గడ్డిలో పడుతుంది, మీ చేతుల్లో తిరుగుతున్నది అదే. వేటగాళ్ళేమో ఏ తూటా గొప్పదని కొట్టుకుంటారు. జింకకి ఆ గొడవ పట్టదు.

నాలుగింటిలో అన్నిటికన్నా పొడుగున్నది ఎవరి దగ్గరుంది? ఆ, అక్కయ్యా, అదే. దాని పేరు .30-06. ఇక్కడివాళ్ళు థర్టీ-ఆట్-సిక్స్ అంటారు. సున్నాని 'ఆట్' అనడం పాతకాలపు అలవాటు. 30 అంటే అంగుళాన్ని వంద భాగాలు చేస్తే అందులో ముప్పై, అది తుపాకి గొట్టం కొలత. 06 అంటే 1906వ సంవత్సరం. అడుగున అంచు బయటికి పొడుచుకొచ్చినది .30-30. దాంట్లో మొదటి 30 గొట్టమే కానీ రెండోది సంవత్సరం కాదు, లోపల పోసిన మందు 30 గ్రెయిన్లని. పొట్టిగా ఉన్నది .308, ఆ అంకె బుల్లెట్ వ్యాసం. తమాషా ఏమిటంటే .30-06 బుల్లెట్ వ్యాసం కూడా .308 అంగుళమే. .270 అని ఇంకో రకం ఉంది, దాని బుల్లెట్ .277. మన ఊళ్ళలో పాత ఇంటి నంబరు, కొత్త ఇంటి నంబరు ఉంటాయే, అలాంటి వ్యవహారం. లాజిక్ వెతక్కండి. నాలుగోది, మూతి సన్నగా ఉన్నది, దాని సంగతి తర్వాత చెబుతాను.

గ్రెయిన్ అన్నాను. బుల్లెట్ బరువంతా గ్రెయిన్లలోనే చెబుతారు. పౌనుకి ఏడువేల గ్రెయిన్లు. వచ్చిన కొత్తలో నాకిది బుర్రకెక్కేది కాదు. ఒకరోజు అమ్మ పాత నగల చీటీ చూస్తుంటే వెలిగింది. పాత తులం, అంటే ఇప్పుడు షాపులవాళ్ళు పది గ్రాములకి సర్దేసినది కాదు, అసలు తులం, 11.66 గ్రాములు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని సరిగ్గా 180 గ్రెయిన్లుగా ఖాయం చేశారు. .30-06లో ఎక్కువగా వాడే బరువు బుల్లెట్ కూడా 180 గ్రెయిన్లే. అంటే అక్షరాలా తులం. జింకలకి మామూలుగా వాడే 150 గ్రెయిన్లది ముప్పాతిక తులానికి కాస్త పైన. అప్పట్నుంచీ నాకు బుల్లెట్ బరువు చెబితే చేతిలో తెలుస్తుంది.

(ముందు వరస నుంచి: ఇప్పటి బంగారం రేటుకి బుల్లెటే నయం!)

నయమేలెండి. కానీ ఒకసారి కాలిస్తే వెనక్కి రాదు.

ఇక కథ. 1903లో అమెరికా సైన్యం కొత్త స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ తీసుకుంది. దాని తూటాలో 220 గ్రెయిన్ల బుల్లెట్, తులంపావు దగ్గర, మొన మొద్దుగా గుండ్రంగా ఉండేది. సెకనుకి 2300 అడుగుల వేగం. రెండేళ్ళు తిరక్కుండా 1905లో జర్మన్లు సూది మొన ఉన్న తేలిక బుల్లెట్ పెట్టారు. గాలిని చీల్చుకుంటూ వేగంగా, తిన్నగా పోతుంది. వాషింగ్టన్‌లో టెన్షన్ మొదలైంది. అప్పటికే తయారైన రైఫిళ్ళను వెనక్కి రప్పించి, గొట్టం వెనకవైపు నలుసంత కోసి, తూటా కూర్చునే గది మళ్ళీ తొలిచి, 150 గ్రెయిన్ల సూదిమొన బుల్లెట్‌ని 2700 అడుగుల వేగంతో పంపేలా చేశారు. అదీ 1906. రైఫిల్ పనితనంలో జర్మనీ మౌజర్‌ది బాగానే అరువు తెచ్చుకున్నారు కాబట్టి ఆ కంపెనీకి రెండు లక్షల డాలర్లు రాయల్టీ కూడా కట్టారు. అంటే అమెరికా వేటగాడు గుండె మీద చెయ్యేసుకుని 'మా తూటా' అంటాడే, దానికి నారు పోసింది జర్మన్లు. ఈ మాట వేట శిబిరంలో అనకండి, కాఫీ పొయ్యరు.

రెండు ప్రపంచ యుద్ధాలూ అదే తూటాతో గడిచాయి. 1936లో వచ్చిన గరాండ్ రైఫిల్‌కీ అదే. సైనికులు లక్షల్లో ఇళ్ళకి తిరిగొచ్చారు. వాళ్ళకి చేతికి అలవాటైన తూటా ఒకటే. మిగిలిపోయిన సైనిక రైఫిళ్ళను ప్రభుత్వం పౌరులకి చవగ్గా అమ్మింది. జనం వాటి పొడవాటి కర్ర చెక్కించి, పైన గురి చూసే దుర్బిణి, అదే స్కోపు, బిగించి జింకల వేటకి తీసుకెళ్ళారు. మన దేశంలో లెక్క తలకిందులు. సైన్యం వాడే .303 మామూలు జనానికి ఇవ్వరు, లైసెన్సున్నవాళ్ళకి ఇషాపూర్ ఫ్యాక్టరీ వేరే .315 చేసిపెట్టింది. ఇక్కడ సైన్యం తూటాయే ఇంటింటి తూటా అయింది. దాని కీర్తిలో సగం ఇదే అని నా లెక్క. మిగతా సగం కూడా చెబుతాను.

మా అమ్మ వంటింట్లో ఒక కత్తిపీట ఉండేది. వంకాయలు దాని మీదే, చేపలు దాని మీదే, ఆవకాయ ముక్కలు దాని మీదే, దాని ముక్కుకున్న పళ్ళమీద కొబ్బరి కోరేది. కాలి కింద పీట తొక్కిపెట్టి కూర్చుంటే పెళ్ళివంట కూడా అయిపోయేది. ఇప్పుడు మా ఇంట్లో కొయ్య దిమ్మలో ఎనిమిది కత్తులున్నాయి. టమాటాకి ఒకటి, బ్రెడ్‌కి ఒకటి. ఒక్కొక్కటీ దాని పనిలో కత్తిపీటని తలదన్నేదే. కానీ ఎనిమిదీ కావాలి.

థర్టీ-ఆట్-సిక్స్ కత్తిపీట. డొల్ల పొడుగు 63 మిల్లీమీటర్లు, లోపల బోలెడు చోటు. అందుకని 110 గ్రెయిన్ల నుంచి 220 దాకా ఏ బరువు బుల్లెట్ అయినా అందులో ఒదుగుతుంది. తేలికది పెట్టి చిన్న జంతువుని కొట్టొచ్చు, 150తో జింక, 180తో ఎల్క్ అనే పెద్ద జాతి జింక, 220తో ఎలుగుబంటి. రైఫిల్ మార్చక్కర్లేదు, డబ్బా మారిస్తే చాలు. ఒక్క రైఫిలే కొనే స్తోమత ఉన్న పల్లెటూరి మనిషికి ఇంతకన్నా ఏం కావాలి? తుపాకి కొట్టుకి వెళితే నాకూ అదే చెప్పారు. "ఇదొక్కటి తీసుకెళ్ళు, అలాస్కా వెళ్ళినా ఇంకోటి అక్కర్లేదు." నేను అలాస్కా ఎందుకు వెళతాను, ఆఫీసుకి సెలవు దొరికేదే మూడు రోజులు. అయినా కొన్నాను.

ఇక్కడ జింకల సీజన్ సంగతి తెలియనివాళ్ళకి రెండు మాటలు. 2019కి ముందు థాంక్స్‌గివింగ్ పండగ తర్వాతి సోమవారం రైఫిల్ సీజన్ మొదలయ్యేది, చాలాచోట్ల బడులకి సెలవిచ్చేవారు. ఇప్పుడు శనివారం మొదలవుతుంది. తలకి, ఛాతీకి, వీపుకి కలిపి 250 చదరపు అంగుళాల నారింజ రంగు బట్ట కనబడాలి. మొదటిసారి లైసెన్సు తీసుకునేవాళ్ళు ముందు శిక్షణ క్లాసు పాసవ్వాలి. ఈ రాష్ట్రంలో ఈమధ్య సీజన్లలో ఏటా నాలుగు లక్షల పైచిలుకు జింకలు పడ్డాయి. అయినా మన కార్ల ముందుకి దూకడానికి ఇంకా మిగిలే ఉన్నాయి, ఈ హాల్లో ఎంతమంది బంపర్లు మార్పించారో చేతులెత్తమంటే సగం లేస్తాయి.

మా పక్కింటాయన స్టీలు మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. నన్ను అడవికి తీసుకెళ్ళింది ఆయనే. చెట్టుకి కట్టే స్టాండు చూపించి "దీన్ని మీ భాషలో ఏమంటారు?" అన్నాడు. మంచె అన్నాను. చేలో పక్షుల్ని తోలడానికి ఎక్కే మంచె. ఆయనకా మాట నచ్చింది, ఇప్పటికీ 'మంచె' అనే అంటాడు, 'చ' సరిగ్గా పలకదు.

మొదటి ఏడాది తెల్లవారకముందే మంచె ఎక్కాను. చలికి ముక్కు మొద్దుబారింది. ఏడున్నరకి ఎండుటాకుల మీద చప్పుడు. కొమ్ముల జింక, అరవై గజాలు, పక్కకి తిరిగి నిలబడింది. ముందు కాలి వెనక, గుండె ఊపిరితిత్తులుండే చోటు టిఫిను ప్లేటంత ఉంటుంది. అరవై గజాల్లో టిఫిను ప్లేటు అంటే తప్పడానికి వీల్లేదు. మీట నొక్కాను. జింక నన్నొక చూపు చూసి, తెల్లతోక ఎత్తి, పరుగు కూడా కాదు, నడక లాంటి గెంతుతో వెళ్ళిపోయింది. బుల్లెట్ దానికి రెండు గజాల ఇవతల మట్టిలో దిగింది.

నేను స్కోపుని తిట్టాను, తూటా డబ్బాని తిట్టాను. పక్కింటాయన ఏమీ అనలేదు. మర్నాడు గురి చూసే మైదానానికి తీసుకెళ్ళాడు. "రైఫిల్ ఇలా ఇవ్వు" అని, నాకు వీపు తిప్పి తూటా ఎక్కించి ఇచ్చాడు. పేలింది. భుజం అదిరింది. మళ్ళీ తీసుకున్నాడు, మళ్ళీ వీపు తిప్పి ఇచ్చాడు. ఈసారి మీట నొక్కితే టక్ మని చప్పుడంతే. పేలలేదు. డమ్మీ తూటా పెట్టాడన్నమాట. కానీ గొట్టం కొస చూద్దును కదా, బెత్తెడు కిందికి వాలిపోయింది! పేలకముందే, తన్నబోతోందని నా ఒళ్ళే కుంగిపోయి, కళ్ళు మూసుకుపోయి, చెయ్యి రైఫిల్‌ని కిందికి లాగేసింది. ఇంజెక్షన్ సూది తగలకముందే పిల్లాడు ఏడుస్తాడే, అదీ నా స్థితి. పది తూటాల్లో నాలుగు డమ్మీలు, నాలుగింటికీ కుంగాను.

అక్కడే నాకు ఈ తగువులో సగం అర్థమైంది. ఎనిమిది పౌన్ల రైఫిల్‌లో 180 గ్రెయిన్ల థర్టీ-ఆట్-సిక్స్ వెనక్కి తన్నే శక్తి ఇరవై అడుగు-పౌన్ల దగ్గర ఉంటుంది. పౌను బరువుని అడుగు ఎత్తు లేపే శక్తి ఒక అడుగు-పౌను. .30-30ది దాంట్లో ఇంచుమించు సగం. కాగితం మీద ఇరవై అంకె చిన్నదే. భుజానికి పెద్దది. చాలామంది మగాళ్ళు ఈ మాట పైకి ఒప్పుకోరు. "నాకేం, దోమ కుట్టినట్టుంటుంది" అంటారు. వాళ్ళ చేతికి ఒక డమ్మీ ఇవ్వండి, తెలుస్తుంది.

ఆ తర్వాత పదేళ్ళు నేను అడవికి ఎంత వెళ్ళానో, వేటగాళ్ళ మాటలు అంతకన్నా ఎక్కువ విన్నాను. శిబిరాల్లో, పెట్రోలు బంకుల్లో, మాంసం కోసే కొట్టు ముందు క్యూల్లో. నాకు తేలిందేమిటంటే, ఎవరి అభిప్రాయమైనా వినేముందు "నువ్వు ఎక్కడ వేటాడతావు?" అని అడగాలి. జవాబు సగం అక్కడే ఉంటుంది.

పెన్సిల్వేనియా కొండల్లో, దట్టమైన చెట్ల మధ్య వేటాడే పాతకాపుని అడగండి. వంద గజాలు కనబడితే అదృష్టం. ఆయన .30-30 లీవర్ రైఫిల్, అంటే మీట దగ్గరి కడ్డీని ఆడించి తూటా ఎక్కించేది, దించడు. 1895 నాటి తూటా, జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేసిన 1894 మోడల్ వించెస్టర్‌లో వచ్చింది. నెమ్మదిగా పోయే మొద్దుమొన బుల్లెట్, వంద గజాలకి గురి పెడితే రెండొందల గజాల దగ్గర ఏడెనిమిది అంగుళాలు కిందికి జారుతుంది. ఆయనకి రెండొందల గజాలతో పనేముంది? పైగా మాంసం పాడవదు. "చిల్లు అంచుదాకా తినొచ్చు" అనేది ఆ వర్గం నినాదం. ఆయన దృష్టిలో థర్టీ-ఆట్-సిక్స్ అంటే దోమని రోకలిబండతో కొట్టడం.

అదే కొండల్లో ఇంకో వర్గం ఉంది, రెమింగ్టన్ 760 వర్గం. ఈ రాష్ట్రంలో పెద్ద జంతువుల వేటకి సెమీ ఆటోమేటిక్ రైఫిల్, అంటే పేలగానే తర్వాతి తూటా దానంతటదే ఎక్కించుకునేది, ఒప్పుకోరు. 1952లో వచ్చిన ఆ 760 చేత్తో ముందుకీ వెనక్కీ లాగే పంపు రకం, కాబట్టి చట్టం అడ్డు రాదు. అలవాటైన చేతిలో దడదడా పేలుతుంది. ఇక్కడి ఆమిష్ అనే క్రైస్తవ శాఖవాళ్ళు కరెంటు యంత్రాలకి దూరంగా ఉంటారు కదా, దాన్ని ముద్దుగా 'ఆమిష్ మెషీన్‌గన్' అంటారు. వీళ్ళందరికీ థర్టీ-ఆట్-సిక్స్ అంటే ప్రాణం. ఎందుకని గుచ్చిగుచ్చి అడిగితే ఎక్కువమంది దగ్గర ఒకటే జవాబు, "మా నాన్నది." బాలిస్టిక్స్, అంటే బుల్లెట్ గమనం లెక్కలు, ఏమీ లేదు అందులో. కర్ర మీద నాన్న చేతి గీతలున్నాయి. ఈ జవాబుని నేను తక్కువ చెయ్యను. కానీ దాన్ని లెక్కల జవాబుగా చలామణీ చేస్తేనే చిక్కు.

పక్కనే ఒహాయో వెళ్ళండి, తగువే లేదు. అక్కడ జింకల మీద సీసా ఆకారపు తూటాలు కుదరవు, నిలువు గోడల డొల్లలే చట్టం ఒప్పుకుంటుంది, అదీ 2014 నుంచి. మీ చేతుల్లో ఉన్న నాలుగింటికీ మెడ సన్నగా ఉంది చూడండి, నాలుగూ అక్కడ చెల్లవు. రాష్ట్రం సరిహద్దు దాటితే నూరేళ్ళ కీర్తి కూడా చెల్లని నోటే.

పడమటికి పోయేకొద్దీ అడవి పలచబడుతుంది, తూటా పొడుగవుతుంది. వ్యోమింగ్, మోంటానాల్లో మూడొందల గజాల మాటలే. అక్కడ .270 వర్గం బలం. అది 1925లో వచ్చింది. డొల్ల మన 06 కుటుంబానిదే, మూతి నొక్కి సన్నం చేశారు. బుల్లెట్ తేలిక, వేగం ఎక్కువ, తన్ను కాస్త తక్కువ. జాక్ ఓకానర్ అనే వేట రచయిత జీవితమంతా దాని గుణగానం చేశాడు, ఇప్పటికీ ఆయన పేరు చెప్పే కొనేవాళ్ళున్నారు. రెండింటినీ పక్కపక్కన కాల్చి చూస్తే జింకకైనా, మనిషికైనా తేడా తెలుస్తుందని నేననుకోను. అయినా ఈ రెండు వర్గాలూ కలిసి భోంచేస్తే పక్కన ఒక పెద్దమనిషి ఉండాల్సిందే.

.308 వాళ్ళది ఇంజనీర్ల వాదన. 1952లో వచ్చింది. అప్పటికి మందు మెరుగుపడింది కాబట్టి 63 మిల్లీమీటర్ల డొల్లలో చేసే పనిని దాదాపుగా 51లో చేసేశారు. వేగంలో సెకనుకి ఓ వంద అడుగులు తక్కువ, రైఫిల్ మాత్రం పొట్టిగా, తేలిగ్గా. సైన్యం కూడా 1954లో దాని అన్నదమ్ముల్లాంటి తూటాకి మారిపోయింది. లెక్క ప్రకారం వీళ్ళే గెలవాలి. 180 దాటిన బరువు బుల్లెట్ కావాలన్నప్పుడే 06 ముందుంటుంది. జింకకి అంత అక్కర్లేదు కదా.

ఇక 6.5 క్రీడ్‌మోర్, 2007లో వచ్చిన కుర్రది. తన్ను తక్కువ, దూరాన కూడా తిన్నగా పోతుంది. ముసలివాళ్ళు దీన్ని 'జుట్టుముడి కుర్రాళ్ళ తూటా' అని వెక్కిరిస్తారు. వెక్కిరించినవాళ్ళే మనవడికి అదే కొనిపెట్టడం నేను చూశాను.

(ప్రశ్న: జింకకి వెయ్యి అడుగు-పౌన్ల శక్తి ఉండాలంటారు కదండీ?)

అంటారు. ఎవరో గుండు సున్నాల అంకె ఎంచుకున్నారు, అది స్థిరపడిపోయింది. 999 అయితే జింక బతికిపోతుందా? బాణంతో వేటాడేవాళ్ళు దాంట్లో పదో వంతుతో ఏటా కొడుతున్నారు. జింకని చంపేది శక్తి కాదు, చిల్లు. ఆ చిల్లు ఎక్కడ పడింది, ఎంత లోతుకి పోయింది, అదీ లెక్క.

అందుకే బుల్లెట్ దగ్గరికి మళ్ళీ వస్తున్నాను. రెండో ఏడాది నలభై గజాల్లో నాకు జింక పడింది. 150 గ్రెయిన్ల చవక రకం బుల్లెట్, మంచి వేగం మీద జబ్బ ఎముకకి తగిలింది. అక్కడికక్కడే కూలింది. నాకు గర్వం. తోలు ఒలిచాక చూస్తే ముందు జబ్బ రెండు వైపులా నల్లటి రక్తం గడ్డలు, ఎముక చిదుపలు, చుట్టూ జానెడు మేర జావ. రెండు జబ్బలూ పారెయ్యాల్సి వచ్చింది. పక్కింటాయన కత్తి తుడుచుకుంటూ "నీ తూటా పెద్దది, నీ ఫ్రిజ్ చిన్నదైంది" అన్నాడు. తర్వాతి ఏడు అదే రైఫిల్‌లో గట్టి రకం 165 గ్రెయిన్లది వాడాను, జబ్బ వెనక కొట్టాను. ఇటు బొటనవేలంత, అటు రూపాయి బిళ్ళంత చిల్లు. జింక యాభై గజాలు పరిగెత్తి పడింది. మాంసం అంతా దక్కింది. తూటా పేరు మారలేదు, డబ్బా మీద ఇంకో అంకె, అంతే.

ఈ విద్య కూడా దెబ్బ తిన్నవాళ్ళు కనిపెట్టిందే. 1946లో జాన్ నోస్లర్ అనే ఆయన బురద పట్టిన మూస్ అనే భారీ జింకని, బుల్లెట్‌ని బాగా వేగంగా పంపే మాగ్నమ్ రైఫిల్‌తో కొడితే బుల్లెట్లు పైపైనే చితికిపోయి లోపలికి దిగలేదు. బాగా వేగంగా పోతే మెత్తటి సీసం అలాగే చితుకుతుంది. ఆయన ఇంటికొచ్చి బుల్లెట్ మధ్యలో అడ్డుగోడ పెట్టాడు. ముందు సగం పువ్వులా విచ్చుకుంటుంది, వెనక సగం లోపలికి చొచ్చుకుపోతుంది. 1948 నుంచి అమ్ముతున్నారు. ఇప్పుడు పూర్తి రాగివి కూడా ఉన్నాయి. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి వేటకి సీసం పూర్తిగా నిషేధం, చచ్చిన జంతువుల్లోని సీసం తిని కాండోర్ రాబందులు పోతున్నాయని. నూరేళ్ళ తూటా, దాని మూతిలో మాత్రం ఎప్పటికప్పుడు కొత్త పెళ్ళికొడుకు.

(ప్రశ్న: అన్నా, హెచ్1బీ మీద ఉన్నాం, మేం వేటకి వెళ్ళొచ్చా?)

ఇది జాగ్రత్తగా వినండి తమ్ముడూ. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ, తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. ఉన్న మినహాయింపుల్లో ఒకటి, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు. ఫ్రెండు రేంజికి పిలిచాడని సరదాగా వెళ్ళి కాల్చడం కూడా ఇబ్బందే. లాయరుని అడక్కుండా అడుగెయ్యకండి. వీసా కన్నా జింక ముఖ్యం కాదు.

ఇంకో ముచ్చట, మన దుప్పిది. టెక్సాస్‌లో ఆస్టిన్‌కి పడమట హిల్ కంట్రీ ఉంది. 1930లలో మన చుక్కల దుప్పిని తెచ్చి వదిలారు, అది మేకల్లా పెరిగిపోయింది. అక్కడ దాన్ని ఆక్సిస్ అంటారు. బయటి దేశం జంతువు కాబట్టి సొంత భూముల్లో దానికి సీజన్ అంటూ లేదు, లైసెన్సుంటే ఏడాది పొడుగునా వేటాడొచ్చు. ఫ్రెండు పిలిస్తే వెళ్ళాను. సాయంత్రం ఓక్ చెట్ల కింద మంద బయటికొచ్చింది. అవే చుక్కలు, అదే కూత. మా అమ్మమ్మగారి ఊరు నల్లమల అంచున. 1972 చట్టం తర్వాత అక్కడ దాని మీద చెయ్యేస్తే జైలు. ఇక్కడ నూట నలభై గజాల్లో అదే 165 గ్రెయిన్లతో కొడితే, భూమి యజమాని వచ్చి థాంక్స్ చెప్పాడు, నా పశువుల గడ్డి మిగిల్చావని. అక్కడివాళ్ళని థర్టీ-ఆట్-సిక్స్ ఎలా ఉందని అడిగాను. "బాగుంది, కాస్త ఎక్కువ" అన్నారు. అదే నా మాట కూడా.

(ప్రశ్న: అయితే కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఏది చెబుతారు? మా అమ్మాయి అడుగుతోంది.)

అక్కయ్యా, నాలుగో డొల్ల అందుకే తెచ్చాను. మా అమ్మాయికి పద్నాలుగేళ్ళప్పుడు నా రైఫిల్‌లోనే తన్ను తగ్గించిన 125 గ్రెయిన్ల తూటాలు పెట్టి నేర్పాను. అలాంటివీ దొరుకుతాయి, కత్తిపీట కదా. కానీ రైఫిలే తన పొడుగుకి బరువైంది. తర్వాత .243 కొన్నాం. 1955 నాటిది, .308 డొల్ల మూతి సన్నం చేసింది. 100 గ్రెయిన్ల బుల్లెట్, అర తులం పైన. మొదటి సీజన్లోనే ఎనభై గజాల్లో ఒక్క దెబ్బకి తెల్లతోక జింక. డమ్మీ పరీక్ష పెట్టాను, గొట్టం కొస కదల్లేదు. నాది పదేళ్ళ తర్వాత కూడా ఒక్కోసారి కదులుతుంది. అందుకని అమ్మాయికైనా, అబ్బాయికైనా, ఆరడుగుల మగాడికైనా ముందు .243 గానీ క్రీడ్‌మోర్ గానీ చేతిలో పెట్టండి. జింక, ఎల్క్, ఎలుగు అన్నీ ఒక్క రైఫిల్‌తోనే అనేవాళ్ళకి మాత్రం 06ని మించింది నాకు కనబడలేదు. మనలో అలాంటివాళ్ళెంతమంది? మనకి కనబడే పెద్ద మృగం పార్కింగ్ లాట్లో ఉడుత.

నేను నాది అమ్మెయ్యలేదు. అమ్మమని మా ఆవిడ రెండుసార్లు చెప్పింది. ఈ నవంబర్లో కూడా అదే తీసుకెళతాను, నా దగ్గర ఉంది కాబట్టి.

సమోసాలు వచ్చినట్టున్నాయి, వాసనొస్తోంది. డొల్లలు ఎక్కడిదాకా వచ్చాయి? ఇటివ్వండి. ఒకటి, రెండు, మూడు... నాలుగు పంపాను కదా, .243 ఏది? అది మా అమ్మాయి మొదటి జింకది, లెక్కపెట్టి ఇచ్చింది. అదిగో, ఆ బాబు గుప్పిట్లో ఉన్నట్టుంది, చూడమ్మా.